హాబీల గడి, ఆదివారం నడక: ఏది మేలు?

పోయిన మాఘమాసానికి ముందు, నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో మా మేనకోడలి బయోడేటా కొట్టించాను. గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం, మేనమామల ఊరు, పొలం అన్నీ అయ్యాక చివర 'హాబీలు' అనే గడి మిగిలింది. టైపు చేసే అబ్బాయి మమ్మల్ని అడగకుండానే 'పుస్తకాలు చదవడం, పాటలు వినడం' అని కొట్టేశాడు. "అందరికీ అదే పెడతాను సార్" అన్నాడు. పిల్ల నవ్వి ఊరుకుంది. నిజానికి సెలవు దొరికితే ఆమె పాత గుళ్ల చుట్టూ తిరుగుతుంది, శాసనాల రాళ్లకు ఫొటోలు తీస్తుంది. ఆ ముక్క రాస్తే "పిల్ల ఇంటిపట్టున ఉండదేమో" అంటారని మా అక్క భయం.

అప్పటి నుంచి ఏడాది పాటు మూడు దారులూ తొక్కి చూశాం: చుట్టాలూ బ్యూరోలూ తెచ్చే సంబంధం, ఫోనులో పెళ్లి యాప్, ఒకే ఇష్టం ఉన్నవాళ్లు కలిసి తిరిగే బృందం. ఇష్టాలు కలిసినవాళ్లే కావాలనుకునే పిల్లలు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ మూడింట్లో ఏది మేలో, నాకు అర్థమైనంత వరకు చెబుతాను.

చుట్టాల దారిని తీసిపారేయలేను. మిర్యాలగూడ నుంచి ఒక సంబంధం వస్తే, అక్కడి రైసు మిల్లుల దగ్గర ఇద్దరిని అడిగితే చాలు, సాయంత్రానికల్లా అప్పుల సంగతి, తాగుడు సంగతి మన చేతికొస్తాయి. ఏ యాప్ కూడా ఆ పని చేయలేదు. కానీ ఈ దారిలో పిల్ల ఇష్టాల ఊసు ఎవరూ ఎత్తరు. పెళ్లిచూపుల్లో మిక్చరు ప్లేటు, టీ కప్పు మధ్య "ఏం చదివావమ్మా?", "వంట వచ్చా?" అనే రెండు ప్రశ్నలయ్యాక మాటంతా పెద్దవాళ్లదే. కట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. మాట ముచ్చట రోజున దానికి 'లాంఛనాలు' అని ముద్దుపేరు పెడతారు, అంతే తేడా.

యాప్ సంగతి తొందరగా చెప్పేస్తాను. అందులో ఇష్టాల పట్టీ పెద్దదే. వచ్చిన చిక్కల్లా 'ప్రయాణాలు' అనే చోట టిక్కు పెట్టని మనిషి లేకపోవడం. మావాళ్లమ్మాయి 'చరిత్ర' అని పెట్టింది. అదే పెట్టిన ఒకబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చాడు. తీరా మాట్లాడితే అతనికి చరిత్ర అంటే యుద్ధాల సినిమాలు. తప్పు అతనిది అనను, ఒక్క మాట కింద నలుగురు నాలుగు అర్థాలు పెట్టుకుంటారు. ఊరు దాటి, చుట్టాల వలయం దాటి మనుషులను చూపించడం వరకు యాప్ మేలు. ఆపైన దాని మాట నమ్మడం అంటే జిరాక్స్ షాపు అబ్బాయిని నమ్మినట్టే.

ఇక మూడోది, కలిసి చేసే పని. మా దగ్గర దానికి చోట్లకు కొదవ లేదు. భువనగిరి గుట్టనే తీసుకోండి. అది ఏకశిల, దాని మీద కోట. అక్కడే రాళ్లెక్కడం నేర్పే బడి ఉంది. 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకుని ఎక్కింది ఆ గుట్ట మీదే. అక్కడ ఒకరు పైకి ఎక్కుతుంటే ఇంకొకరు కింద నిలబడి తాడు పట్టుకుంటారు. ఎక్కేవాళ్లు మధ్యలో ఆగిపోయి కాళ్లు వణుకుతుంటే, కింది మనిషి విసుక్కుంటున్నాడా, ఫోను చూసుకుంటున్నాడా, తాడు బిగించి "నిదానంగా ఎక్కు" అంటున్నాడా అన్నది పది పెళ్లిచూపుల్లో తెలియదు. పాలమూరు వైపు వాళ్లకు అమ్రాబాద్ అడవి ఉంది, అలంపురం గుళ్లున్నాయి. నెలల తరబడి కలిసి తిరిగితే మనిషి అలసటలో ఎలా ఉంటాడో, డబ్బు పంచుకునేటప్పుడు ఎలా ఉంటాడో, తన మాట తప్పని తేలినప్పుడు ఎలా ఉంటాడో దాచినా దాగవు.

అయితే ఈ దారిని పొగిడేవాళ్లు చెప్పని మాట ఒకటుంది. మన ఊళ్లలో అలాంటి బృందాలు చిన్నవి, పదిమంది ఉంటే ఎక్కువ. ఇద్దరు రెండుసార్లు పక్కపక్కన నడిస్తే మూడో ఆదివారానికి వీధి వీధంతా తెలుస్తుంది. ఒకరికి ఇష్టమై ఇంకొకరికి కాకపోతే ఇద్దరిలో ఒకరు బృందం మానేయాలి. నేను చూసినంతలో మానేసేది ఆడపిల్లే. పెళ్లి కోసమే వచ్చి చేరేవాళ్ల సంగతి మరీ ఘోరం, ఉన్న నలుగురి ఆనందమూ పోతుంది. కులం గుట్ట దిగగానే అక్కడే కాచుకుని ఉంటుంది. ప్రత్యేక వివాహ చట్టం 1954 నుంచీ ఉంది. ముప్పై రోజుల ముందు నోటీసు ఇస్తే వేర్వేరు కులాలు, మతాల వాళ్లు కూడా రిజిస్టరు చేసుకోవచ్చు. ఇంట్లో వాళ్లను ఒప్పించే పని మాత్రం ఏ చట్టమూ చేసిపెట్టదు.

మేము చివరికి చేసింది ఇది. సంబంధం ఎటు నుంచి వచ్చినా పెళ్లిచూపులు ఇంట్లో కాకుండా పానగల్లులో పెట్టాం. ఊరికి దగ్గరే. ఉదయసముద్రం చెరువు దగ్గర ఛాయా సోమేశ్వరాలయం, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి గుడి. గర్భగుడిలో పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలుస్తుంది. ఎదురుగా చూస్తే ఆ నీడకు తగిన స్తంభం ఉండదు. మండపంలోని స్తంభాల మధ్య నుంచి చీలి వచ్చే వెలుతురంతా కలిసి చేసే పని అది.

మొదట వచ్చినతను బయోడేటాలో 'వారసత్వ కట్టడాల సందర్శన' అని రాయించుకున్నాడు. గుడి ముందు ఆరు సెల్ఫీలు తీసుకున్నాడు. లోపల నీడ చూసి "ఓహో" అన్నాడు. పిల్ల మండపం రాతిపని చూపిస్తుంటే "ఇంకెంతసేపు పడుతుంది?" అని నన్నడిగాడు, ఆమెను కూడా కాదు.

రెండోసారి వచ్చినతను దేవరకొండ వైపు వాడు. మా పెద్దమ్మ తెచ్చిన సంబంధం. హాబీల గడిలో 'క్రికెట్' అని ఉంది. గుళ్ల గురించి తనకేమీ తెలియదని ముందే చెప్పేశాడు. నీడ చూశాక అతను కదలలేదు. ఒక స్తంభం దగ్గరకు వెళ్లి నిలబడి "ఇప్పుడు చూడండి, మారిందా?" అన్నాడు. మారలేదంది. ఇంకో స్తంభం. అలా చెప్పులు లేని కాళ్లతో బండల మీద ఇరవై నిమిషాలు తిరిగాడు. పిల్ల అసలు కారణం చెబితే, "అయితే ఇద్దరం రెండు వైపులా నిలబడదాం, అప్పుడు ఏమవుతుందో" అన్నాడు. పూజారి మమ్మల్నందర్నీ వింతగా చూశాడు.

అందుకే ఇష్టాలు ఒకటే అయి ఉండాలన్న పట్టు నాకిప్పుడు సడలింది. ఉద్యోగంలో స్థిరపడి, సొంత ఊళ్లోనే ఉంటూ, తొందర లేనివాళ్లకు బృందమే మేలు. ఇంట్లో ఇప్పటికే ముహూర్తాల మాట నడుస్తున్నవాళ్లు చుట్టాల దారిలోనే వెళ్లవచ్చు, కానీ సోఫాల మీంచి లేచి ఒక పూట ఎటైనా వెళ్లి రండి. ఎదుటివారి ఇష్టం మనకు తెలియనిదైతే ఇంకా మంచిది, దాని ముందు మనిషి ఎలా నిలబడతాడో తెలుస్తుంది. యాప్‌ను పేర్లు వెతకడానికి వాడుకోండి, చాలు.

ఇంకా ఏదీ ఖాయం కాలేదు. మొన్న ఆ దేవరకొండ వైపు అబ్బాయి వాళ్ల ఊరి చెరువుకట్ట మీద సగం పూడిపోయిన రాయి ఫొటో పంపాడు, కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కి ఉంది. వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, కావచ్చు, కింద అక్షరాలున్నాయో లేదో మట్టి తీస్తేగానీ తెలియదంది మావాళ్లమ్మాయి. ఈ ఆదివారం వెళ్తున్నాం. నిన్నటిదాకా "అదేం పిచ్చి" అన్న మా అక్క, తట్ట పార ఇక్కడి నుంచి తీసుకెళ్లాలా, అక్కడ దొరుకుతాయా అని కనుక్కోమంటోంది.