క్రాఫ్టింగ్ పేరుతో మళ్లీ మళ్లీ డబ్బు గుంజే ఆటలున్నాయి, కొనేముందు జాగ్రత్త

ఒక పాత్రగా మారి ఆడే రోల్ ప్లేయింగ్ గేములు కొనేవారందరికీ ఈ హెచ్చరిక. ఇటీవల నేను పూర్తి ధర చెల్లించి కొన్న ఒక ఆటలో, ప్రచార వీడియోల్లో ఘనంగా చూపించిన క్రాఫ్టింగ్, అంటే సరుకు సమకూర్చుకుని ఆయుధాలు తయారుచేసుకోవడం, కాస్త ముందుకు వెళ్లేసరికి వసూళ్ల వ్యవహారంగా తేలింది.

మొదట్లో దేనికీ లోటుండదు. గనిలో ఖనిజం తవ్వుకోవడం, కొలిమి దగ్గర కడ్డీలు పోయించడం, కత్తి చేయించుకోవడం అన్నీ సాఫీగా సాగుతాయి. కత్తి పై స్థాయులకు చేరాక మాత్రం కమ్మరి తెర మీద విజయావకాశం 30 శాతమని కనిపిస్తుంది. ప్రయత్నం విఫలమైతే వేసిన సరుకంతా పోవడమే కాక, కత్తి కూడా ఒక స్థాయి కిందికి దిగిపోతుంది. అలా దిగకుండా కాపాడే రక్షణ రాయి ఆటలో ఎంత తిరిగినా దొరకదు, స్టోర్‌లో డబ్బు పెట్టి కొనవలసిందే. తవ్వి తెచ్చుకున్న ఖనిజం దాచుకోవడానికి ఇచ్చిన సంచి ఇట్టే నిండిపోతుంది, పెద్ద సంచి కావాలంటే నెలనెలా చందా కట్టాలి.

క్రాఫ్టింగ్ ఉన్నది ఇందుకు కాదు. 2011లో వచ్చిన స్కైరిమ్ ఆటలో ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ ఉంటే బాకు తయారవుతుంది. 2015 నాటి విచర్ 3లో కవచం నమూనా పత్రాన్ని వెతికి పట్టుకుని, సరుకు సమకూర్చుకుని, తగిన పనివాడి దగ్గరికి వెళితే కవచం తప్పకుండా చేతికొస్తుంది. తిరిగిన తిరుగుడుకు ఫలితం దక్కుతుందన్న ఆ భరోసాయే ఈ తరహా ఆటలకు ప్రాణం. దాన్ని తీసేసి జూదం పెట్టడం ఆటగాడి శ్రమను దోచుకోవడమేనని నా అభిప్రాయం.

తెర మీద కనిపించే శాతాలనైనా గుడ్డిగా నమ్మలేం. మేపుల్‌స్టోరీ ఆటలో ఆయుధాల గుణాలను మార్చే క్యూబులనే వస్తువుల్లో మంచి గుణం దక్కే సంభావ్యతను ఆటగాళ్లకు చెప్పకుండా తగ్గించినందుకు, దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో ఆ ఆటను నడిపే నెక్సాన్ సంస్థపై సుమారు 1,160 కోట్ల వోన్ల జరిమానా విధించింది. అదే ఏడాది మార్చి నుంచి అక్కడ ఇలాంటి సంభావ్యతలను బయటపెట్టడం చట్టప్రకారం తప్పనిసరి అయింది.

కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో సాధారణంగా రీఫండ్ అడగాలంటే కొన్న 14 రోజుల లోపు, అదీ 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉండాలి. ఈ ఆటలో అసలు రంగు ఆ గడువు దాటాకే బయటపడుతుంది. అందువల్ల కొనేముందు స్టోర్ పేజీలో ఇన్-యాప్ కొనుగోళ్ల (ఆటలోపల మళ్లీ డబ్బు పెట్టి కొనేవాటి) ప్రస్తావన ఉందేమో చూడండి. ప్రచార వీడియోలు కాకుండా, చివరిదాకా ఆడినవారి వీడియోల్లో కమ్మరి తెర ఎలా ఉందో, విఫలమైతే ఏం పోతుందో గమనించండి.

ఇప్పటికే ఇలాంటి ఆటకు సంచి చందా కడుతున్నవారు యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి దాన్ని రద్దు చేసుకోండి. ఆటను ఫోన్‌లోంచో కంప్యూటర్‌లోంచో తీసేసినంత మాత్రాన ఖాతాలోంచి ఆ చందా కోత ఆగదు.