అలబామా బ్రాండా, వయోమింగ్ కుర్రాడా: డ్రాఫ్ట్‌లో ఏది మేలు?

ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ టీములు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) వస్తే చాలు మా వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. అలబామా, జార్జియా లాంటి పెద్ద కాలేజీల కుర్రాళ్ళైతే కళ్ళు మూసుకుని తీసేసుకోవచ్చని ఒకడు, ఊరూ పేరూ లేని కాలేజీ నుంచి వచ్చినోడికే కసి ఎక్కువని ఇంకొకడు. నాకైతే ఇద్దరూ సగం సగమే కరెక్ట్ అనిపిస్తుంది, పొజిషన్ మారితే లెక్క మొత్తం మారిపోతుంది కాబట్టి.

కాలేజీ పేరు చూసి బాగా మోసపోయేది పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ దగ్గరే. 2020లో మ్యాక్ జోన్స్ అలబామాకి 77.4 శాతం పాసులు కంప్లీట్ చేశాడు, కానీ బాల్ పట్టేది డెవోంటా స్మిత్, పక్కన బాల్‌తో పరిగెత్తేది నజీ హారిస్, ముందు కాపు కాసేది లెదర్‌వుడ్, వీళ్ళంతా 2021 డ్రాఫ్ట్ ఫస్ట్ రౌండ్‌లో పోయినోళ్ళే, ఆ ఒక్క కాలేజీ నుంచే ఆరుగురు! అంత విందు భోజనంలో వండినోడెవరో వడ్డించినోడెవరో ఎలా తెలుస్తుంది చెప్పండి. మ్యాక్‌ని ఎన్‌ఎఫ్‌ఎల్ టీం పేట్రియాట్స్ వాళ్ళు 15వ పిక్‌కి, అంటే 15వ వంతులో తీసుకున్నారు, మొదటి ఏడాది బానే ఆడాడు, 2024 మార్చిలో ఇంకో టీం జాగ్వార్స్‌కి పంపేశారు.

అంత పేరు లేని వయోమింగ్ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్‌ది పూర్తిగా రివర్స్. 2017లో ఆరెగాన్ మీద 24 పాసులేస్తే 9 కంప్లీట్, 64 యార్డ్లు, అంతే. పెద్ద టీం ఎదురుపడగానే తేలిపోయాడు అని అప్పుడు నేనూ అన్నా, ఇప్పుడు ఆ మాట ఎవరైనా గుర్తు చేస్తే టాపిక్ మార్చేస్తా. బిల్స్ టీం వాళ్ళు 2018లో ఏడో పిక్‌కి తీసుకున్నారు, 2024 సీజన్‌కి ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అయ్యాడు.

పెద్ద టీం మీద ఎలా ఆడాడనే అదే పరీక్ష పాసులు పట్టే రిసీవర్ కూపర్ కప్‌కి పెడితే మాత్రం సరిగ్గా పనిచేసింది. ఈస్టర్న్ వాషింగ్టన్ అంటే ఎర్ర రంగు టర్ఫ్ మీద ఆడే చిన్న కాలేజీ, 2015లో అదే ఆరెగాన్ మీద 15 క్యాచ్‌లు, 246 యార్డ్లు, 3 టచ్‌డౌన్‌లు కొట్టాడు. అయినా 40 యార్డ్లు 4.62 సెకన్లలో, కాస్త నెమ్మదిగా పరిగెత్తాడని, చిన్న కాలేజీ అని 2017లో 69వ పిక్ దాకా ఆగాల్సొచ్చింది, ఆ తర్వాత 2021లో 1,947 యార్డ్లు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఎంవీపీ కూడా. రిసీవర్‌కీ, వాడిని అడ్డుకునే కార్నర్‌కీ జరిగేది ముఖాముఖి పోరు, ఎవడి సత్తా ఎంతో అక్కడే కనిపిస్తుంది, క్వార్టర్‌బ్యాక్ అయితే ముందున్న లైన్ కూలిపోతే వాడేం చేస్తాడు పాపం.

కార్నర్ అంటే గుర్తొచ్చింది, 2024లో టొలీడో క్విన్యాన్ మిచెల్ 22వ పిక్‌కి పోతే అలబామా టెరియన్ ఆర్నాల్డ్ 24కి పోయాడు. మిచెల్ డ్రాఫ్ట్‌కి ముందు కాలేజీ ఆటగాళ్ళకి జరిగే సీనియర్ బౌల్ ప్రాక్టీసుల్లో పెద్ద కాలేజీల రిసీవర్లని కట్టేశాడు, ఇక కాలేజీ పేరుతో ఎవడికి పని?

అలాగని కాలేజీ ఫుట్‌బాల్ ప్రోగ్రామ్‌కి విలువే లేదనను. టైట్ ఎండ్ (పాసులూ పట్టి, ఎదుటివాళ్ళని అడ్డుకునే బ్లాకింగూ చేసేవాడు) కావాలంటే మాత్రం నేను మొదట అయోవా వైపే చూస్తా, కిటిల్, హాకెన్‌సన్, లపోర్టా అందరూ అక్కడివాళ్ళే, బ్లాకింగ్ నేర్పించి మరీ పంపిస్తారు. అది బ్రాండ్ కాదు, చేతికొచ్చిన పని.

ఇప్పుడు ఆటగాళ్ళు కాలేజీ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చి ఇంకా కలగాపులగం చేసింది. 2025లో ఫస్ట్ పిక్ అయిన క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో మొదలెట్టి, వాషింగ్టన్ స్టేట్‌కెళ్ళి, చివరికి మయామీలో తేలాడు. నేనైతే మూడు చోట్ల ఆడిన మ్యాచ్‌ల వీడియో టేపూ చూస్తా, అందులోనూ ముందు ఇన్‌కార్నేట్ వర్డ్‌దే.