“ఫైబర్ వేశాం” అన్న ఒక్క మాట నమ్మి కట్టుడు పళ్లు తీసుకోకండి

కట్టుడు పళ్ల సెట్ చేయించబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. మా అమ్మ పై సెట్ అంతకుముందే రెండుసార్లు సరిగ్గా మధ్యలో చీలింది. అందుకే ఈసారి డబ్బు ఎక్కువైనా ఫైబర్ వేసిన సెట్ చేయించాం. “లోపల గ్లాస్ ఫైబర్ ఉంది, ఇక విరగదు” అన్నారు. ఐదో నెలలో భోజనం చేస్తుండగా టక్కుమని రెండు ముక్కలైంది.

విరిగిన అంచు చూస్తే కడుపు మండిపోయింది. గులాబీ రంగు అక్రిలిక్ (సెట్ చేసే ప్లాస్టిక్) మధ్య నుంచి తెల్లటి పోగులు పొడిపొడిగా, దూదిలా వేలాడుతున్నాయి. గోటితో లాగితే ఊడి చేతికొచ్చాయి. నెల రోజులుగా నాలుకకు ఏదో గుచ్చుకుంటోందని అమ్మ చెబుతూనే ఉంది. కొత్త సెట్ కదా, అలవాటవుతుందిలే అని నేనే సర్దిచెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వేరే డెంటిస్ట్‌కు చూపిస్తే అసలు సంగతి తెలిసింది. ఫైబర్ వల్ల బలం రావాలంటే అది అక్రిలిక్‌ను గట్టిగా పట్టుకోవాలి. గ్లాస్ ఫైబర్‌కు సైలేన్ పూత (గాజును ప్లాస్టిక్‌కు అతుక్కునేలా చేసే రసాయనం) ఉండాలి, ప్రతి పోగూ ద్రవంగా ఉండే ప్లాస్టిక్, అంటే రెజిన్‌లో బాగా తడవాలి. పొడిగా పెట్టేస్తే మధ్యలో గాలి ఖాళీలు మిగిలి, వాటిలో నీరు చేరి రంగు మారుతుంది. బలం పెరగకపోగా అక్కడే బలహీనపడుతుంది. ఇక పోగుల దిశ. పై సెట్ ఎక్కువగా ముందు పళ్ల మధ్య నుంచి వెనక్కి చీలుతుంది కాబట్టి పోగులు దానికి అడ్డంగా, కుడి నుంచి ఎడమకు ఉండాలి. మాదాంట్లో చీలిక వెంబడే పెట్టారు! అలా పెడితే చీలికను ఆపేదేముంది?

మాకు చూపించిన సర్టిఫికెట్ అక్రిలిక్‌ది. కట్టుడు పళ్ల ప్లాస్టిక్‌కు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20795-1 ప్రకారం వేడితో గట్టిపరిచే అక్రిలిక్‌కు వంపు బలం (వంచినా విరగకుండా తట్టుకునే బలం) కనీసం 65 మెగాపాస్కల్స్ ఉండాలి, నిజమే. కానీ లోపల ఫైబర్ ఎలా పెట్టారో ఆ కాగితం చెప్పదు. అందుకే ఏ ఫైబర్, రెజిన్‌లో ముందే తడిపిందా, ఎక్కడ, ఏ దిశలో పెడతారు అని ఆర్డర్‌కు ముందే అడిగి రాయించుకోండి. కార్బన్ ఫైబర్ అయితే నల్లగా కనిపిస్తుంది, అరమిడ్ అనే ఇంకో రకం ఫైబర్ పసుపుగా ఉండి పాలిష్‌కు లొంగదు, అదీ తెలుసుకోండి. సెట్ నోట్లో ఊగుతుంటే మాత్రం ముందు ఫిట్టింగ్ సరిచేయించండి. ఊగే సెట్‌ను ఏ ఫైబరూ కాపాడలేదు.

విరిగితే ఇంట్లో జిగురు పెట్టి అతికించకండి, ముక్కలు పారేయకండి. “కింద పడేసి ఉంటారు” అన్న, మా సెట్ తయారుచేసిన ల్యాబ్‌వాళ్లు ఆ పొడి పోగులు చూశాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.