సాఫ్ట్‌వేర్ నాణ్యత: టెస్టింగ్ బృందం చేతిలోనా, అందరి చేతిలోనా?

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే విజయవాడ బృందమొకదానిలో నేను రెండు పద్ధతులలోనూ పనిచేశాను. మొదట్లో డెవలపర్లు రాసి ఇచ్చిన కోడ్‌ను వేరే గదిలోని టెస్టింగ్ బృందం విడుదలకు ముందు వారం పరీక్షించేది. తరువాత టెస్టర్లు డెవలపర్ల పక్కకే వచ్చి, కోడ్ మొదలుకాకముందే ప్రశ్నలు వేయసాగారు; పరీక్షలు రాయడం డెవలపర్ల పనిలో భాగమయింది.

వేరు బృందం వల్ల మేలు లేకపోలేదు. రాసినవాడు తన తప్పును తాను చూడలేడు. వైద్య పరికరాల వంటి ప్రాణాలతో ముడిపడిన వాటికి స్వతంత్ర పరీక్ష ఉండవలసిందే. అయితే మా తప్పు ఆ టెస్టింగ్ గదిలో దొరకలేదు. గోనెసంచి బరువు తీసివేసేటప్పుడు ప్రతి టిక్కీకీ (మిర్చి బస్తాకీ) విడిగా సవరించాలో, లాటు మొత్తానికి ఒకేసారి సవరించాలో అవసరాల పత్రంలో లేదు. డెవలపర్ ఒకటి ఊహించాడు, అదే పత్రం చదివిన టెస్టరూ సరేనన్నాడు. సీజన్‌లో ఒక గుమస్తా తన చిట్టాతో పోల్చి తేడా పట్టుకున్నాడు. నాణ్యత కోసం చివరి తనిఖీ మీద ఆధారపడవద్దని అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ 1982లోనే తన 14 సూత్రాలలో చెప్పింది ఇటువంటి చోట్లకే.

పైగా కొన్ని తప్పులు టెస్టర్ గదికి చేరనే చేరవు. 2012 ఆగస్టు 1న అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఒకదానిలో పెట్టడం మరిచి, సుమారు 45 నిమిషాలలో 40 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఆ తప్పు జరిగింది విడుదల దగ్గర; దాన్ని సరిచూడటానికి రెండో మనిషి ఉండాలన్న నియమం అక్కడ లేదు.

అందుకే పంచుకున్న బాధ్యతకే నా ఓటు, ఒక షరతుతో. టెస్టర్లను పూర్తిగా తీసివేసి “నాణ్యత అందరిదీ” అని గోడకు రాసి పెడితే, అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అన్న సామెత నిజమవుతుంది. (డబ్బు ఆదా చేసుకోవడానికి ఈ మాట వాడుకునే యాజమాన్యాలను చూశాను.) మా బృందంలో ప్రతి విడుదలకూ ఒకరి పేరు రాసి ఉంటుంది, సందేహం ఉంటే విడుదల ఆపే హక్కు, టయోటా కర్మాగారంలో తాడు లాగి లైను ఆపే కార్మికుడికి ఉన్నట్టే, కొత్తగా చేరినవారికి కూడా ఉంటుంది. మొదటి రెండు నెలలు పని నెమ్మదించింది, యజమాని విసుక్కున్నారు. గోనెసంచి లెక్క మాత్రం ఇప్పుడు కోడ్ రాయకముందే గుమస్తాను అడిగి తెలుసుకుంటున్నాం.