పన్నెండేళ్లుగా ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడుతున్నా: నా అనుభవం

మా బడిలో హావ్, హాజ్ వస్తే ‘తినియున్నాను’ అని అర్థం రాయించారు. ఇంట్లో ఎవరైనా ‘అమ్మా, అన్నం తినియున్నాను’ అంటారా? గో, వెంట్, గాన్ అంటూ వి3లన్నీ కంఠతా వచ్చినా, ఆ టెన్స్ దేనికో నాకు ఉద్యోగంలో చేరేదాకా తెలియలేదు. సపోర్ట్ ఉద్యోగం కాబట్టి పన్నెండేళ్లుగా రోజూ మెయిళ్లలో దాంతోనే పని.

జరిగిపోయినదానికి ఇప్పటితో ముడి వేయడమే దాని పని. ‘ఐ లాస్ట్ మై కీస్’ అంటే తాళాలు పోయాయి, తర్వాత దొరికాయేమో కూడా. ‘ఐ హావ్ లాస్ట్ మై కీస్’ అంటే ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నానని. మనకు రెండింటికీ ‘పోయాయి’ చాలు, అందుకే తేడా చెవికెక్కదు.

నాకది ఓ ఇంటర్వ్యూలో ఎక్కింది. అప్పటికి చేస్తున్న ఉద్యోగం గురించే ‘ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్’ అన్నాను. ‘ఎందుకు మానేశారు?’ అన్నాడు ఎదుటాయన. మానలేదండీ, రేపు పొద్దున షిఫ్టుంది అని చెప్పుకోవాల్సి వచ్చింది. ‘ఐ హావ్ వర్క్డ్’ అని ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

అన్నిటికన్నా తిప్పలు పెట్టింది సిన్స్, ఫర్. ఇందులో మన తప్పు కూడా లేదు. 2015 నుంచి అంటాం, పదేళ్ల నుంచీ అంటాం. రెండు చోట్లా ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లీషులో మొదలైన చోటుకి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. పైగా ‘చేస్తున్నాను’ని ఉన్నదున్నట్టు దింపేసి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అంటాం. నేను మాత్రం మనసులో ‘ఇక్కడికొచ్చి ఐదేళ్లయింది’ అనుకుంటాను. ‘అయింది’ కుదిరిందా, ‘హావ్ బీన్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ దానంతటదే వస్తుంది.

అసలు ఈ టెన్స్ పనిని తెలుగులో చాలాసార్లు క్రియ చేయదు, పక్కనున్న చిన్న మాట చేస్తుంది: ఇంకా రాలేదు, ఇప్పుడే వచ్చాడు, ఎప్పుడైనా చూశావా. ఈ మాటలు తగిలితే హావ్ వాడొచ్చు. ‘నిన్న’ తగిలితే మాత్రం ముట్టుకోకూడదు. అమెరికా వాళ్లు ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అని హావ్ లేకుండానే కానిచ్చేస్తారు. మొదట్లో అది విని టెన్షన్ పడేవాణ్ణి, నేను నేర్చుకున్నదే తప్పేమోనని.

పాస్ట్ పర్ఫెక్ట్‌ని మన ఆఫీసుల్లో మరీ దుబారాగా వాడేస్తారు. మర్యాదగా ఉంటుందనో ఏమో, ‘ఐ హాడ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే’ అని నేనూ ఏళ్ల తరబడి రాశాను. ఒక క్లయింట్ ‘సరే, ఆ తర్వాత ఏమైంది?’ అని జవాబిచ్చాడు. ఏమీ కాలేదు, ఫైలు అతని ఇన్‌బాక్స్‌లోనే ఉంది! గతంలోనే ఇంకో పని జరిగేసరికి ఇది అయిపోయి ఉంటేనే హాడ్. నేను స్టేషన్‌కి వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది: ‘ద ట్రైన్ హాడ్ లెఫ్ట్’. ఇప్పుడు ఆ ‘సరికి’ నోటికొస్తేనే హాడ్ వాడుతున్నాను.

ఫ్యూచర్ పర్ఫెక్ట్ పెద్దగా వాడలేదు. ‘బై ఫ్రైడే ఐ విల్ హావ్ ఫినిష్డ్’ అని రాసిన మెయిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. శుక్రవారానికి నిజంగా పూర్తయినవి అంతకన్నా తక్కువ.