జౌగడ అశోకుడి రాయి: తారాతారిణి వెళ్ళేవాళ్ళు ఇంకో పూట కలుపుకోండి

ఒడిశా బరంపురంలో తారాతారిణి అమ్మవారి కొండకి వెళ్ళని తెలుగిల్లు ఉండదు. పిల్లల పుట్టువెంట్రుకలు అక్కడే, మొక్కులు అక్కడే, చైత్రమాసం మంగళవారాలు వచ్చేయంటే సగం వీధి అక్కడే ఉంటది. 999 మెట్లు ఎక్కలేనివాళ్ళకి రోప్‌వే కూడా ఉంది. కానీ ఆ కొండ దిగి నేరుగా ఇంటికొచ్చేస్తాం తప్ప, అక్కడికి దగ్గర్లోనే రుషికుల్య నది ఒడ్డున జౌగడ అని ఒకటుందని, అక్కడ అశోకుడు చెక్కించిన శాసనం ఇప్పటికీ రాయి మీద ఉందని మనలో చాలామందికి పట్టదు. తెలిసినవాళ్ళు కూడా "ఏటుందక్కడ, ఒక రాయి, దాని చుట్టూ ఇనప ఊచలు" అని తేల్చేస్తారు. అబద్ధం కాదు, ఉన్నది అదే. కాకపోతే ఆ రాయి మీద ఏముందో తెలుసుకుని వెళ్తే గంటన్నర కదల్లేరు, తెలియకుండా వెళ్తే పది నిమిషాల్లో బోర్ కొట్టి వచ్చేస్తారు. నా రివ్యూ మొత్తం ఈ ఒక్క ముక్క గురించే.

ముందు రేటింగ్ చెప్పేస్తాను, రాయికి 5కి 5, ఏర్పాట్లకి 2, మేం మాట్లాడుకున్న కారుకి 1.

కారు సంగతి ముందు చెప్తాను, కోపం ఇంకా తగ్గలేదు. బరంపురంలో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర తారాతారిణి, జౌగడ రెండూ కలిపి మాట్లాడేం, ఫోన్‌లో సరే సరే అన్నారు, తీరా దర్శనం అయ్యి కొండ దిగేక డ్రైవరు "జౌగడ నాకు చెప్పలేదు, ఎక్స్‌ట్రా అవుద్ది" అని మొదలెట్టేడు. మా పెద్దమ్మ ఒడియాలో నాలుగు దులిపితే సగానికి దిగేడు గానీ మూడ్ అప్పటికే పాడయింది. కాబట్టి జౌగడ పేరు, వెయిటింగ్ టైం రెండూ వాట్సాప్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మకండి. కారు లేకపోతే బరంపురం నుంచి పురుషోత్తంపూర్ బస్సు ఎక్కి అక్కడ ఆటో మాట్లాడుకోవచ్చు, ఆటోవాడికి "జౌగడ, పాండియా దగ్గర" అంటే చాలు. మొత్తం మీద బరంపురం నుంచి 35 కిలోమీటర్ల చిల్లర, అంతే.

దగ్గరికి వెళ్తున్నప్పుడు మొదట కనపడేది రాయి కాదు, గట్టు. పొలాల మధ్యలో పొడుగ్గా చెరువు గట్టు లాగ లేచి ఉంటది, నేను కూడా చెరువే అనుకుందును, చదివుండబట్టి తెలిసింది అది కోట గోడ అని. మట్టి కోట. నలుపలకలుగా ఉంటది, ఒక్కో వైపు రెండేసి ద్వారాలు. 1956-57లో దెబలా మిత్రా గారు ఇక్కడ తవ్వకాలు జరిపించేరు, ఆవిడే తర్వాత ఆర్కియాలజికల్ సర్వేకి మొదటి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యేరు. అశోకుడి టైంలో ఈ ఊరి పేరు సమాపా. ఆ పేరు ఎవరో ఊహించి చెప్పింది కాదు, రాయి మీదే ఉంది, "సమాపాలో ఉన్న మహామాత్రులకి", అంటే పెద్ద ఆఫీసర్లకి, అని అడ్రస్ రాసి మరీ చెక్కించేడు. భువనేశ్వర్ దగ్గర ధౌలీ రాయి మీద ఉన్నది తోసలి అనే ఊరి ఆఫీసర్లకి, ఇది మనవాళ్ళకి. గంజాం జిల్లాకి వచ్చిన పాత సర్కారీ ఉత్తరాల్లో ఇంతకన్నా పాతది నాకు తెలిసి లేదు!

ఊళ్ళో వాళ్ళు చెప్పే కథ వేరే ఉంది. కోట మొత్తం లక్కతో కట్టేరట, శత్రువులు ఎక్కబోతే జారిపోయేవారట, చివరికి పాలు అమ్ముకునే ఆవిడ ఒకర్తి "లక్కకి నిప్పు పెడితే సరి కదా" అని నోరు జారిందట, కోట పోయింది, శాపం తగిలి ఆవిడ రాయైపోయింది. కథ బావుంది గానీ తప్పంతా ఆడమనిషి మీదకి తోసెయ్యడం ప్రతి కోట కథలోనూ ఉన్నదే, మా వదిన అక్కడే ఆ మాట అనేసింది కూడా.

ఇంక రాయి. పెద్ద బండ, నిలువుగా ఉన్న ముఖం మీద చెక్కేరు, పైన కప్పు, ముందు ఇనప కమ్మీలు. టికెట్ లేదు. మూడు పలకలుగా ఉంటది రాత. అశోకుడు దేశంలో చాలా చోట్ల రాళ్ళ మీద చెక్కించిన పెద్ద శాసనాలు మొత్తం పద్నాలుగు, వాటికి నంబర్లు ఉన్నాయి. మొదటి దాంట్లో 1 నుంచి 5 శాసనాలు, ఇందులో చాలా భాగం రాయి పొరలు ఊడిపోయి పోయింది, చూస్తే ప్రాణం ఉసూరుమంటది. రెండో దాంట్లో 6 నుంచి 10, ఆ తర్వాత 14. మూడో పలక మీద రెండు ప్రత్యేక శాసనాలు, ఇవి ధౌలీలోనూ ఉన్నాయి, కళింగ శాసనాలని కూడా అంటారు. మరి 11, 12, 13 ఏవి? అసలు కథ అక్కడే ఉంది.

13వది అశోకుడు కళింగ యుద్ధం గురించి బాధపడుతూ రాయించింది. లక్షన్నర మందిని చెర పట్టుకుపోయేరు, లక్ష మంది చచ్చిపోయేరు, ఇంకా ఎన్నో రెట్లు పోయేరు, నాకు పశ్చాత్తాపంగా ఉంది అని. మన స్కూల్ పుస్తకాల్లో అశోకుడి గురించి చదివిందంతా దాదాపు ఆ ఒక్క శాసనమే. అది ఎక్కడెక్కడో పెషావర్ వైపు కొండల మీద ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, కానీ యుద్ధం జరిగిన కళింగలో మాత్రం లేదు, ధౌలీలోనూ లేదు, జౌగడలోనూ లేదు. ఇంకో సంగతి, ఆంధ్రుల పేరు వచ్చేది కూడా ఆ 13లోనే. అంచేత ఇక్కడికి తెలుగువాళ్ళం వెళ్ళి మన పేరు వెతుక్కుంటే దొరకదు.

ఇది మా మేనల్లుడికి చెప్పేను, ఏడో క్లాసు. వాడు కాసేపు కమ్మీల్లోంచి చూసి, "అంటే మావయ్యా, తన చేత దెబ్బలు తిన్నోళ్ళ దగ్గర తప్ప అందరి దగ్గరా సారీ చెప్పేడా?" అన్నాడు. నేను ఇన్నాళ్ళూ ఎన్ని చోట్ల చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. చరిత్రకారులు అనేది కూడా ఇంచుమించు అదే, గాయం పచ్చిగా ఉన్న జనం ముందు చచ్చినవాళ్ళ లెక్క చదవడం తెలివైన పని కాదని తీసేసి ఉంటాడు, దాని బదులు వేరేవి రాయించేడు.

ఆ బదులు రాయించినవి చదివితే నాకు 13 కన్నా ఇవే నచ్చేయి. "మనుషులందరూ నా బిడ్డలు" అనే మాట ఇందులోదే. అది అందరికీ తెలుసు, పోస్టర్ల మీద కూడా వేస్తారు. దాని తర్వాత వచ్చేది మాత్రం ఎవరూ పోస్టర్ మీద వెయ్యరు. ఆఫీసర్లకి క్లాసు పీకుతాడు. కొంతమంది అన్యాయంగా జైలు పాలవుతున్నారు, దెబ్బలు తింటున్నారు, మీరు మధ్యస్థంగా ఉండాలి, అసూయ, కోపం, కటువుతనం, తొందరపాటు, బద్ధకం, అలసట ఇవి ఉన్నవాడు ఆ పని చెయ్యలేడు అని లిస్టు చదువుతాడు. కోపం, బద్ధకం సరే, అలసట కూడా తప్పుల్లో వెయ్యడం చూసి మా బావ నవ్వేడు, ఆయన గవర్నమెంట్ ఉద్యోగం. ఇది తిష్య (పుష్యమి) నక్షత్రం రోజున జనానికి చదివి వినిపించాలి, మధ్యలో కూడా వినిపించాలి, ఒక్కడే ఉన్నా వినిపించాలి అని ఆర్డర్. అంటే ఇది చూసి పోవడానికి పెట్టిన రాయి కాదన్నమాట, ఎవరో ఒకరు నిలబడి పైకి చదివేవారు, జనం కింద కూచుని వినేవారు.

రెండోది సరిహద్దు అవతలి వాళ్ళ గురించి. నా రాజ్యంలో చేరనివాళ్ళు నన్ను చూసి భయపడకూడదు, నా వల్ల వాళ్ళకి సుఖమే తప్ప దుఃఖం ఉండకూడదు, నన్ను నమ్మాలి అంటాడు. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్ళకి ఇదే నేలని నాశనం చేసినవాడు ఈ మాట అంటే అవతలోడు ఎంత నమ్మేడో గానీ, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి 1936లో ఒరిస్సాలో కలిసిన జిల్లా మనది, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సరిహద్దు అనే మాట వింటే మనకి వేరేగానే తగులుద్ది.

తిండి గురించి కూడా ఉంది, చెప్పకపోతే ఎలాగ. మొదటి శాసనంలోనే. ఇదివరకు నా వంటింట్లో రోజుకి లక్షల జంతువుల్ని కోసేవారు, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు ఒక లేడి, ఆ లేడి కూడా రోజూ కాదు, ముందు ముందు ఇవీ మానేస్తాం అంటాడు. ఇంత నిజాయితీగా "ఇంకా పూర్తిగా మానలేదు" అని రాయి మీద చెక్కించుకున్న రాజు నాకు ఇంకొకడు తెలీదు. కార్తీకమాసంలో మా ఇంట్లో మగాళ్ళ పరిస్థితీ ఇదే.

పిల్లలతో వెళ్తే ఒక పని చెయ్యండి. ముందు రోజు ఇంట్లో బ్రాహ్మీ అక్షరాల చార్ట్ ఫోన్‌లో పెట్టుకోండి. బ్రాహ్మీలో క అంటే అచ్చంగా ప్లస్ గుర్తే, గ అంటే తలకిందులు వి ఆకారం, ఠ అంటే ఉత్త గుండ్రం, అదే గుండ్రం మధ్యలో చుక్క పెడితే థ. మా వాడు ప్లస్ గుర్తులు వెతకడం మొదలెట్టేడు, కమ్మీల నీడ పడ్డ చోట కనపడక పక్కకి జరిగి, మెడ వంచి, ఫోన్ జూమ్ చేసి, "ఇదిగో క, ఇదిగో ఇంకో క" అని అరుపులు. మన తెలుగు లిపి కూడా ఆ బ్రాహ్మీ లోంచి దిగొచ్చిందే అని చెప్తే నమ్మలేదు, మన క ఇంత వంకర్లు తిరిగింది ఎప్పుడు అని అడిగేడు. ఈ రాత 1850లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు ఆఫీసరు కాపీ చేసేటప్పటికి బ్రాహ్మీ చదవడం వచ్చేసి పదమూడేళ్ళే, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంకో ఇంగ్లీషాయన ఆ లిపి గుట్టు విప్పేడు. అంతకుముందు ఎన్ని వందల ఏళ్ళు ఊరి జనం దీని పక్కనుంచి గొడ్లు తోలుకుపోయి ఉంటారో, ఒక్క అక్షరం తెలీకుండా.

ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు అక్షరాలు చదునుగా అయిపోయి ఏమీ కనపడవు. లోతుగా చెక్కిన రాత కాదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుతురులో వెళ్ళండి, గీత గీతా లేచి కనపడతది. అంటే తారాతారిణి దర్శనం చేసుకుని మధ్యాహ్నం ఇక్కడికి రాకూడదన్నమాట, ముందు జౌగడ, తర్వాత అమ్మవారు. పెద్దవాళ్ళు ఒప్పుకోరు, తెలుసు, మా పెద్దమ్మ ససేమిరా అంది, అప్పుడు కొండ కింద భోజనం చేసి కాస్త నడుం వాల్చి మూడున్నరకి బయల్దేరండి.

ఏర్పాట్లకి 2 ఎందుకిచ్చేనంటే, రాయిని కాపాడేరు, అది పెద్ద పనే, ఒప్పుకుంటాను, కానీ ఏ పలక మీద ఏ శాసనం ఉంది, అందులో ఏముంది అని అక్కడ నిలబడి చదువుకునేలాగ ఒక మంచి బోర్డు ఉంటే ఎంత బావుండును. ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో కూడా ఒకటి పెడితే ఎవరి సొమ్మేం పోయింది, బరంపురం నుంచీ ఇచ్ఛాపురం నుంచీ వచ్చే జనం తక్కువా. అప్పటిదాకా ప్రింట్ తీసుకెళ్ళడమే దారి. మేం ఆ రెండు ప్రత్యేక శాసనాల అనువాదం కాగితం మీద రాసుకెళ్ళేం, మా వదిన రాయి ముందు నిలబడి పైకి చదివింది, అక్కడికొచ్చిన ఇంకో కుటుంబం ఒడియావాళ్ళు ఆగి, ఏం చదువుతున్నారని అడిగి, మా బావ ఒడియాలో చెప్తుంటే వాళ్ళూ కూచుండిపోయేరు.

నీడ తక్కువ, కొట్లు లేవు, మంచినీళ్ళు మీరే తీసుకెళ్ళండి, బాత్‌రూం అవసరాలు పురుషోత్తంపూర్‌లోనే చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడి బజారులో దహీబరా ఆలూదం (పెరుగు వడలు, బంగాళాదుంప కూర) తినండి, మేం తిన్న బండి దగ్గర పెరుగు పులుపు సరిగ్గా ఉంది, కారం మాత్రం మన నోటికి సరిపోదు, పచ్చిమిరపకాయ అడిగి తీసుకోండి. వెళ్ళడానికి సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా బెస్ట్. చైత్ర మంగళవారం మాత్రం పొరపాటున కూడా పెట్టుకోకండి, ఆ రోజు తారాతారిణి జనంలో ఇరుక్కుంటే జౌగడ చేరేసరికి చీకటే.