లైసెన్సా, సొంత కంపెనీయా?

మీరు ల్యాబులో కనిపెట్టిన మందు మార్కెట్‌కు చేరడానికి ప్రధానంగా రెండు దారులు. పేటెంట్‌ను పెద్ద కంపెనీకి లైసెన్సుకిస్తే క్లినికల్ ట్రయల్స్ ఖర్చు, అనుమతుల తలనొప్పి వాళ్లవి, మీకు రాయల్టీ, అంటే అమ్మకాల్లో కొంత వాటా. కానీ వాళ్ల ప్రాధాన్యాలు మారితే మీ మందు అటకెక్కుతుంది. గడువులోగా పని సాగకపోతే హక్కులు వెనక్కి వచ్చే షరతు ఒప్పందంలో ఉండాల్సిందే.

సొంత కంపెనీ పెడితే పగ్గాలు మీ చేతిలోనే, కొన్నాళ్లు! బయటి నుంచి తెచ్చే ప్రతి విడత పెట్టుబడికీ కంపెనీలో మీ వాటా కరుగుతుంది.

చేతిలో ఒక్క మందే ఉంటే నా ఓటు లైసెన్సుకే. ఒకే టెక్నాలజీ నుంచి పది మందులు పుట్టేలా ఉంటే కంపెనీ.

రెండూ కలిపినవాళ్లూ ఉన్నారు. శాస్త్రవేత్త హెర్బర్ట్ బోయర్ 1976లో పెట్టుబడుల రంగానికి చెందిన రాబర్ట్ స్వాన్సన్‌తో కలిసి జెనెంటెక్ అనే బయోటెక్ కంపెనీ స్థాపించారు. వాళ్ల మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి తెచ్చి అమ్మింది మాత్రం లైసెన్సు తీసుకున్న పెద్ద మందుల కంపెనీ ఎలీ లిల్లీ.